మేత లెక్కే ఫిల్టర్ లెక్క

పెరట్లో కోయి చేపలు, అంటే రంగురంగుల అలంకార చేపలు, పెంచే కొలనుల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. దాదాపు అన్నీ ఫిల్టర్ చుట్టూనే తిరిగాయి. ఎంత పెద్దది పెట్టాలి, ఇంట్లో కట్టుకోవచ్చా, కట్టింది ఎందుకు పనిచేయడం లేదు అని అడిగారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా కొలనులో 8,000 లీటర్ల నీళ్ళు పడతాయి. సుమారు 40 సెంటీమీటర్ల కోయి చేపలు పది ఉన్నాయి. పెట్టె మీద '10,000 లీటర్ల కొలనుకు' అని రాసి ఉన్న ఫిల్టర్ కొందామనుకుంటున్నాం. చాలుతుందా?

జవాబు: పెట్టె మీది అంకె చూసి కొనకండి. 8,000 లీటర్లలో రెండు చేపలున్నా, ఇరవై ఉన్నా నీళ్ళు అన్నే. ఫిల్టర్ మీద పడే భారం మాత్రం పదింతలు తేడా. ఆ భారాన్ని కొలవడానికి నమ్మదగిన కొలత ఒక్కటే: రోజుకు ఎన్ని గ్రాముల మేత వేస్తున్నారు.

లెక్క ఇలా కట్టండి. 40 సెంటీమీటర్ల కోయి సుమారు కిలో బరువుంటుంది. పది చేపలంటే పది కిలోలు. నీళ్ళు వెచ్చగా ఉన్న కాలంలో ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మేత అనుకుంటే రోజుకు 150 గ్రాములు. మేత గ్రాములను ప్రొటీన్ శాతంతో, ఆ వచ్చినదాన్ని 0.092తో గుణిస్తే రోజుకు పుట్టే అమ్మోనియా వస్తుంది. 40 శాతం ప్రొటీన్ ఉన్న మేతకు 150 × 0.40 × 0.092, అంటే 5.5 గ్రాములు. చేపల పెంపకం పరిశ్రమలో ఫిల్టర్లకు వాడే సూత్రమే ఇది. ఫిల్టర్ లేకపోతే మీ 8,000 లీటర్లలో అమ్మోనియా రోజుకు లీటరుకు దాదాపు 0.7 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లోనే చేపలకు ప్రమాదం.

ఆ 5.5 గ్రాములను తినే బ్యాక్టీరియాకు నిలబడే చోటు కావాలి. కొలనులో అమ్మోనియాను సున్నాకు దగ్గరగా ఉంచాలి కాబట్టి చదరపు మీటరుకు రోజుకు 0.1 గ్రాము అనే జాగ్రత్త లెక్కే పట్టుకోవాలి. అంటే 55 చదరపు మీటర్లు. కె1 రకం ప్లాస్టిక్ చక్రాల్లో ఘనపు మీటరుకు సుమారు 500 చదరపు మీటర్ల, బ్యాక్టీరియా నిలబడగల ఉపరితలం ఉంటుంది. కాబట్టి 110 లీటర్ల చక్రాలు కావాలి. మీరు కొనబోయే పెట్టెలో మీడియా, అంటే బ్యాక్టీరియా పట్టే చక్రాలు, స్పాంజి లాంటివి, ఎన్ని లీటర్లుందో అడగండి. పది పదిహేను లీటర్ల స్పాంజి మాత్రమే ఉంటే జవాబు మీకే తెలిసిపోతుంది.

ఇక్కడితో ఆగకండి. కోయి పెరుగుతుంది. 60 సెంటీమీటర్లకు చేరిన చేప మూడున్నర కిలోలు తూగుతుంది. అప్పుడు ఒక శాతమే వేసినా పది చేపలకు 350 గ్రాముల మేత, 250 లీటర్లకు పైగా మీడియా అవసరం. నిజానికి 8,000 లీటర్లలో అంత పెద్దవి పది ఉంచడం సరికాదు. ఐదారు చేపల దగ్గర ఆగమనే మా సలహా. పంపు విషయానికొస్తే, కొలను నీళ్ళన్నీ గంటన్నరకు ఒకసారైనా ఫిల్టర్ గుండా తిరగాలి. మీకు గంటకు 5,500 నుంచి 8,000 లీటర్లు అన్నమాట. పంపు పెట్టె మీది అంకె సున్నా ఎత్తుకు ఇచ్చినది. పైపులు, వంపులు, ఎత్తు కలిశాక ఎంత వస్తుందో బకెట్టు పట్టి గడియారం చూసి కొలవండి. 20 లీటర్ల బకెట్టు 12 సెకన్లలో నిండితే గంటకు 6,000 లీటర్లు.

ప్రశ్న: కొత్తగా గుంత తవ్విస్తున్నాం. ఫిల్టర్‌ను కొలను మట్టంలోనే పెట్టాలా, గట్టు మీద పెట్టి పంపుతో నీళ్ళు ఎక్కించాలా? బాటమ్ డ్రెయిన్ (కొలను అడుగు నుంచి నీళ్ళు బయటికి పోయే మార్గం) తప్పనిసరా?

జవాబు: గుంత ఇంకా తవ్వుతున్నారు కాబట్టి బాటమ్ డ్రెయిన్ పెట్టండి, ఫిల్టర్‌ను కొలను మట్టంలోనే పెట్టండి. మళ్ళీ ఈ అవకాశం రాదు.

చేపల మలం నీళ్ళలో పడ్డప్పుడు తీగలా, ఉండలా ఉంటుంది. ఆ రూపంలోనే ఫిల్టర్‌కు చేరితే చిన్న జల్లెడ కూడా ఆపేస్తుంది. కొలనులో ముంచిన పంపు దాన్ని మరపట్టినట్టు పిండి చేసి పంపిస్తుంది. ఆ పిండిని ఆపడం పదింతలు కష్టం. అది బయో మీడియా మీద మడ్డిగా పట్టి, కుళ్ళి, మళ్ళీ అమ్మోనియా అవుతుంది. అందుకే పంపు అన్నిటికంటే చివర, శుభ్రమైన నీళ్ళలో ఉండాలి. నీళ్ళు కొలను అడుగు నుంచి తమంతట తాము ఫిల్టర్ మొదటి గదిలోకి రావాలి.

తవ్వేటప్పుడు చూసుకోవాల్సినవి: నేల అంతా డ్రెయిన్ వైపు మీటరుకు 5 నుంచి 10 సెంటీమీటర్లు వాలాలి. పైపు 110 మిల్లీమీటర్లది. 90 డిగ్రీల మోచేతి వంపు వద్దు, 45వి రెండు వాడండి. రెండు డ్రెయిన్లుంటే రెండు పైపులూ విడివిడిగా ఫిల్టర్ దాకా వెళ్ళాలి. మధ్యలో కలిపితే నీరు సులువుగా వచ్చే దారినే వస్తుంది, రెండోది పూడుకుపోతుంది. పైపు మీద కాంక్రీటు పోసేముందు నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచి మట్టం చూడండి. కొలను కింద పడ్డ లీకుకు తర్వాత మందు లేదు.

110 పైపులో మడ్డి పేరుకోకుండా ఉండాలంటే గంటకు 10,000 లీటర్ల ప్రవాహం ఉండడం మంచిది. చిన్న కొలనులో అంత ఉండదు. దానికి ఉపాయం ఉంది. పైపు ఫిల్టర్‌లోకి వచ్చే చోట స్లైడ్ వాల్వు పెట్టండి. వారానికి రెండుసార్లు పంపు ఆపి, వాల్వు మూసి, మొదటి గదిని ఖాళీ చేసి, వాల్వును ఒక్కసారిగా తెరవండి. నీళ్ళు దూకే జోరుకు పైపులోని నల్లటి మడ్డి అంతా గదిలోకి వచ్చి పడుతుంది. దాన్ని బయటికి వదిలేయండి.

రెండు మట్టాలు ముందే గీసుకోండి. పంపు ఆగినప్పుడు గదుల్లో నీళ్ళు కొలను మట్టానికి లేస్తాయి, కాబట్టి గదుల అంచు ఆ మట్టం కంటే 10 సెంటీమీటర్లయినా ఎత్తుండాలి. మడ్డి వదిలే పైపు గది అడుగు కంటే కిందికి పారాలి. మురుగు అంత లోతులో లేకపోతే పక్కన చిన్న గుంత కట్టి చెత్త నీటి పంపు పెట్టాలి. గోడలు లేచాక ఈ సంగతి గుర్తొస్తే మొదటి గది శుభ్రం చేయడమే మానేస్తారు, అంతటితో ఫిల్టర్ పని అయిపోయినట్టే.

ప్రశ్న: 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు ఉన్నాయి. గంటకు 6,000 లీటర్ల పంపు ఉంది. వీటితో ఫిల్టర్ కట్టే పద్ధతి కొలతలతో సహా చెప్పండి.

జవాబు: కట్టొచ్చు. నాలుగు మాత్రం చాలవు, ఐదు కావాలి. ఎందుకో ముందు చూద్దాం.

మొదటి డ్రమ్ములో మలినాలు అడుక్కి దిగాలి. దిగాలంటే నీళ్ళు పైకి లేచే వేగం తక్కువగా ఉండాలి, గంటకు 12 మీటర్లకు మించకూడదు. 200 లీటర్ల డ్రమ్ము వ్యాసం సుమారు 57 సెంటీమీటర్లు, వైశాల్యం పావు చదరపు మీటరు. అంటే ఒక డ్రమ్ములోంచి గంటకు 3,000 లీటర్లే పంపొచ్చు. 6,000 లీటర్లను ఒక్కదాంట్లోకి తోస్తే దిగినట్టే దిగి మడ్డి మళ్ళీ లేచిపోతుంది. ఇంట్లో కట్టిన డ్రమ్ము ఫిల్టర్లు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి దిగుడు డ్రమ్ములు రెండు, పక్కపక్కన. ఆ తర్వాత బ్రష్షుల డ్రమ్ము, మీడియా డ్రమ్ము, చివర పంపు ఉండే డ్రమ్ము. చివరిది చిన్నదైనా ఫరవాలేదు.

డ్రమ్ములు తిండి పదార్థాలు నిల్వ చేసినవే అయి ఉండాలి. రసాయనాలు, పురుగుమందులు పోసినవి ఎన్నిసార్లు కడిగినా వాడొద్దు.

దిగుడు డ్రమ్ము: పై మూత కోసేయండి. అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో పక్కన రంధ్రం చేసి 110 పైపును సరిగ్గా డ్రమ్ము నడిమికి తీసుకురండి. అక్కడ వంపు పెట్టి పైపు మూతిని పైకి తిప్పండి. మూతి నీటిమట్టానికి 10–15 సెంటీమీటర్లు కింద ఉండాలి. 20 లీటర్ల బకెట్టు అడుగు కోసేసి, ఆ నిలువు పైపు చుట్టూ గొడుగులా బిగించండి. బకెట్టు పై అంచు నీటి మీదికి 5 సెంటీమీటర్లు తేలాలి, కింది అంచు అడ్డపైపుకు కాస్త పైన ఆగాలి. లోపలికొచ్చిన నీరు బకెట్టు గోడకు తగిలి, కిందికి మళ్ళి, నెమ్మదించి, బయటి వైపు నుంచి పైకి లేస్తుంది. కిందికి మళ్ళే చోటే మలం నీటిని వదిలి అడుక్కి జారుతుంది. బయటికి పోయే పైపు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. దానికి లోపలి వైపు ఒక టీ (T ఆకారపు పైపు ముక్క) అడ్డంగా తొడిగి, రెండు చేతులకూ పైభాగంలో చీలికలు కోయండి. అప్పుడు నీరు ఒకేచోట నుంచి లాక్కోకుండా వెడల్పుగా తీసుకుంటుంది. అడుగున 50 ఎంఎం డ్రెయిన్, బాల్ వాల్వు. డ్రమ్ము అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి మడ్డి దానంతటది వాల్వు దగ్గరకు రాదు. ఖాళీ చేసేటప్పుడు కొలను నీళ్ళతోనే గోడలు, అడుగు కడిగి తోయాలి.

బ్రష్షుల డ్రమ్ము: నీళ్ళు అడుగున ప్రవేశించి పైనుంచి వెళ్ళాలి. బ్రష్షులను ఒకదానికొకటి వెంట్రుకలు ఆనేంత దగ్గరగా నిలువుగా వేలాడదీయండి. సందు వదిలితే నీళ్ళు ఆ సందులోంచే పోతాయి.

మీడియా డ్రమ్ము: కె1 చక్రాలు 110 నుంచి 120 లీటర్లు. డ్రమ్ములో 60 శాతానికి మించితే అవి తిరగవు. బయటికి పోయే పైపుకు చక్రాలు దాటకుండా జల్లెడ కావాలి. 110 పైపు ముక్క 40 సెంటీమీటర్లు తీసుకుని చివర మూత బిగించండి. రంపంతో 5 మిల్లీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవున్న చీలికలు చుట్టూ నాలుగేసి చొప్పున 33 వరసలు కోయండి. మొత్తం ఖాళీ సుమారు 400 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, అంటే పైపు మూతికి దాదాపు ఐదింతలు. ఇంతకంటే తగ్గిస్తే చక్రాలు జల్లెడకు అతుక్కుని నీళ్ళను ఆపేస్తాయి, మీడియా డ్రమ్ము పొర్లుతుంది, పంపు డ్రమ్ము ఎండిపోతుంది. అడుగున ఒక పక్కకు గాలిని బుడగలుగా వదిలే గాలి రాళ్ళో, 2 మిల్లీమీటర్ల రంధ్రాలున్న పైపు చుట్టో పెట్టి నిమిషానికి 30–40 లీటర్ల గాలి ఇవ్వండి. ఒక పక్క నుంచే ఇస్తే చక్రాలు అటు లేచి ఇటు దిగుతూ గుండ్రంగా తిరుగుతాయి. గాలి పంపును నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచండి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి దూరతాయి.

డ్రమ్ములను కలిపే పైపులన్నీ 110వే. 50 పైపుతో కలిపితే 6,000 లీటర్ల ప్రవాహానికి ఒక్కో డ్రమ్ము దగ్గర మట్టం 5 సెంటీమీటర్ల పైనే పడిపోతుంది, చివరి డ్రమ్ముకు వచ్చేసరికి పంపు గాలి పీలుస్తుంది. 110 అయితే ఆ తేడా కొన్ని మిల్లీమీటర్లే. దిగుడు డ్రమ్ములు రెండిటికీ పైపుల పొడవు, వంపులు సమానంగా ఉండాలి, లేకపోతే నీళ్ళు సగం సగం పంచుకోవు.

లీకులు ఎందుకు వస్తాయంటే, డ్రమ్ము ప్లాస్టిక్‌కు సిలికాన్ అంటదు, పీవీసీ జిగురూ అంటదు. నాలుగు రోజులు పట్టినట్టుండి ఊడిపోతుంది. డ్రమ్ము గోడ గుండ్రం కాబట్టి చదునైన వాషర్ ఉన్న ట్యాంకు కనెక్టరు కూడా 110 సైజులో సరిగా కూర్చోదు. వంపు గోడకు పనికొచ్చే రబ్బరు సీలు వాడండి. సీలు తయారీదారు చెప్పిన కొలతకే హోల్ సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపం) రంధ్రం చేసి, అంచు గరుకు లేకుండా చెక్కి, పైపు చివర ఏటవాలుగా అరగదీసి, సబ్బునీళ్ళు రాసి తొయ్యాలి. బలం కావాలి, కానీ ఒకసారి దిగిందంటే కారదు.

ఈ మొత్తం ఫిల్టర్ రోజుకు 150 గ్రాముల మేతకు సరిపోతుంది. అంతకు మించి వేయాలనుకుంటే రెండో మీడియా డ్రమ్ము జోడించాలి. పంపు పెద్దది చేయడం వల్ల లాభం లేదు, దిగుడు డ్రమ్ములు తట్టుకోవు.

ప్రశ్న: మీడియా వేసి పది రోజులైంది. చక్రాలన్నీ పైన తేలి కదలకుండా ఉన్నాయి. గాలి ఇంకా పెంచాలా?

జవాబు: కొత్త ప్లాస్టిక్ నీటిని పట్టదు, తేలుతుంది. బ్యాక్టీరియా పొర పట్టి తడి ఎక్కడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు మూడో వంతు చక్రాలు తీసి పక్కన పెట్టి, మిగతావి తిరగడం మొదలయ్యాక కొంచెం కొంచెం కలపండి. తిరుగుతున్న చక్రాల లోపల పలుచటి గోధుమరంగు పొర కనిపిస్తే బాగున్నట్టు. వేలికి జారే మందపు జిగురు పట్టిందంటే మొదటి గదుల్లోంచి మడ్డి దాటుతోంది, బాగుచేయాల్సింది అక్కడ.

ప్రశ్న: కొత్త ఫిల్టర్ పెట్టి మూడు వారాలు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగు కనిపిస్తోంది. అయినా చేపలు మేతకు రావడం లేదు, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు ఇంత శుభ్రంగా ఉంటే లోపం ఏమిటి?

జవాబు: తేటగా ఉన్న నీళ్ళు శుభ్రమైనవని చెప్పలేం. అమ్మోనియాకు, నైట్రైట్‌కు రంగు లేదు. ఈ పూటే ద్రవ రూపంలో దొరికే టెస్ట్ కిట్‌తో రెండూ చూడండి, పీహెచ్ కూడా.

మూడో వారం అంటే నైట్రైట్ ఎక్కువగా ఉండే సమయం. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొక జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. రెండోవి ఆలస్యంగా పెరుగుతాయి. అమ్మోనియా తగ్గిందని ఊపిరి పీల్చుకునే వేళకు నైట్రైట్ ఎగబాకుతుంది. అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, అందుకే నీళ్ళలో గాలి ఉన్నా చేప నోరు తెరుస్తుంది.

చేయాల్సింది: మేత ఆపండి. చేపలకు వారం పస్తు ప్రమాదం కాదు. గాలి రాళ్ళు పెంచండి. క్లోరిన్ తీసిన నీళ్ళతో 25–30 శాతం మార్చండి, అవసరమైతే రోజూ. నైట్రైట్ ఉంటే 1,000 లీటర్లకు ఒక కిలో చొప్పున మామూలు ఉప్పు, అయోడిన్ కలపనిది, నీళ్ళలో కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌కు పోటీ వచ్చి లోపలికి పోనీయదు. ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్ళు ఉంటే ఉప్పు వేసేముందు తప్పకుండా బయటికి తీయండి. ఉప్పు తగలగానే అవి పట్టుకున్న అమ్మోనియానంతా ఒక్కసారిగా వదిలేస్తాయి.

అమ్మోనియా అంకెను పీహెచ్‌తో కలిపే చదవాలి. 25 డిగ్రీల నీళ్ళలో, మొత్తం అమ్మోనియాలో విషపు భాగం పీహెచ్ 7 దగ్గర నూటికి ఒకటి కూడా ఉండదు. 8 దగ్గర ఐదు శాతం, 9 దగ్గర 36 శాతం. ఒకే అంకె ఒక కొలనులో హాయిగా, ఇంకో కొలనులో చావుగా మారేది ఇందుకే. నాచు ఎక్కువున్న కొలనులో పీహెచ్ సాయంత్రానికి పెరుగుతుంది, పరీక్ష కూడా సాయంత్రమే చేయండి.

20–25 డిగ్రీల నీళ్ళలో ఫిల్టర్ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఆరోగ్యంగా ఉన్న పాత కొలను నుంచి ఒక సంచి మీడియా దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం రోజులు సున్నా చూపాక మేత కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

ప్రశ్న: రెండేళ్ళుగా బాగా నడిచిన ఫిల్టర్. ఈమధ్య ఉన్నట్టుండి అమ్మోనియా కనిపిస్తోంది, పీహెచ్ 6కు పడిపోయింది. చేపలు పెంచలేదు, ఏమీ మార్చలేదు.

జవాబు: చేపలు పెంచకపోయినా అవే పెరిగాయి, మేతా పెరిగింది. దాంతో నీటిలోని కార్బొనేట్ కాఠిన్యం, కేహెచ్ అంటారే అది, అయిపోయింది.

బ్యాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియాను మార్చడానికి సుమారు 7 గ్రాముల క్యాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారాన్ని తినేస్తుంది. పైన చెప్పిన 8,000 లీటర్ల కొలనే తీసుకుంటే, 150 గ్రాముల మేతకు రోజుకు 39 గ్రాములు, అంటే లీటరుకు దాదాపు 5 మిల్లీగ్రాములు. కేహెచ్ 4 డిగ్రీలు, అంటే లీటరుకు 70 మిల్లీగ్రాములున్న నీళ్ళయితే, కొత్త నీళ్ళు పోయకపోతే పద్నాలుగు రోజుల్లో ఖాళీ. ఆ తర్వాత పీహెచ్‌ను పట్టుకునేది ఏదీ ఉండదు. 6 దగ్గర బ్యాక్టీరియా దాదాపు పని ఆపేస్తుంది.

దిద్దుబాటుకు వంట సోడా చాలు. 1,000 లీటర్లకు 30 గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. అయితే మీ నీళ్ళలో ఇప్పటికే అమ్మోనియా ఉంది. పీహెచ్ పెరిగితే అది విషమవుతుంది. అందుకని ముందు మేత ఆపి, నీళ్ళు మార్చి అమ్మోనియా తగ్గించండి. ఆ కొత్త నీళ్ళూ పీహెచ్‌ను పెంచుతాయి కాబట్టి ఒక్కసారిగా కాకుండా పది శాతం చొప్పున మార్చండి. ఆపైన సోడా రోజుకు ఒక డిగ్రీ మించకుండా. కేహెచ్ 6 డిగ్రీల దగ్గర నిలిపి వారం వారం కొలవండి. ఆల్చిప్పల ముక్కలు ఒక సంచిలో కట్టి నీళ్ళు పారే చోట పెడితే మధ్యలో పడిపోకుండా కొంత ఆదుకుంటాయి, కొలవడం మాత్రం మానొద్దు.

ప్రశ్న: నీళ్ళు పచ్చగా ఉన్నాయి. యూవీ దీపం పెడితే పోతుందా? ఎన్ని వాట్లు?

జవాబు: నీళ్ళంతా పచ్చరంగు కలిపినట్టుంటే పోతుంది. అది నీళ్ళలో తేలే ఒంటికణపు నాచు, దీపం ముందు నుంచి వెళ్ళి తీరాలి. రాళ్ళకు, గోడలకు పట్టిన జడల నాచు దీపం దగ్గరకు రాదు, దాని మీద యూవీ పనిచేయదు. 4,000–5,000 లీటర్లకు 10 వాట్లు మామూలు లెక్క, ఎండ నేరుగా పడితే దానికి రెట్టింపు. దీపాన్ని పంపు తర్వాత పెట్టండి, మడ్డి నీళ్ళలో వెలుగు దూరదు. చచ్చిన నాచు ముద్దలు కట్టి ఫిల్టర్‌లోకి వస్తుంది కాబట్టి మొదటి వారం బ్రష్షులు రోజూ కడగాలి. నీలంగా వెలుగుతున్నంత మాత్రాన దీపం పనిచేస్తున్నట్టు కాదు. ఏడాది నిరంతరం వెలిగాక నాచును చంపే 254 నానోమీటర్ల కిరణాలు బాగా తగ్గిపోతాయి, ఏటా మార్చండి. క్వార్ట్జ్ గొట్టం మీద తెల్ల పొర పడితే వెనిగర్‌తో తుడవండి. వెలిగే దీపాన్ని నేరుగా చూడొద్దు, కళ్ళు దెబ్బతింటాయి.

ప్రశ్న: ఈత కొలనుకు వాడే ఇసుక ఫిల్టర్ ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది. వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈత కొలను నీళ్ళలో జిగురు మలినం ఉండదు, క్లోరిన్ ఉంటుంది. కోయి కొలనులో మలం, బ్యాక్టీరియా జిగురు కలిసి ఇసుకను గడ్డలు కట్టిస్తాయి. నీళ్ళు ఆ గడ్డల మధ్య దారి చేసుకుని వడకట్టకుండానే పోతాయి. గడ్డల లోపల ఆక్సిజన్ అందక కుళ్ళు మొదలవుతుంది. పైగా దానికి అధిక పీడనపు పంపు కావాలి, రాత్రింబవళ్ళూ నడిపితే కరెంటు బిల్లు మోత. అదే ఆకారంలో తేలే ప్లాస్టిక్ పూసలతో, మడ్డి విదిలించడానికి గాలి బ్లోయర్‌తో వచ్చే బీడ్ ఫిల్టర్లు కోయికి పనికొస్తాయి. వాటి ముందు కూడా జల్లెడ ఉండాలి.

ప్రశ్న: ఫిల్టర్ మొత్తం విప్పి కుళాయి నీళ్ళతో బాగా కడిగాం. వారానికి అమ్మోనియా వచ్చింది. సంబంధం ఉందా?

జవాబు: ఉంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేసింది. ఇప్పుడు మీ ఫిల్టర్ కొత్తది కింద లెక్క, పైన మూడు వారాల ఫిల్టర్‌కు చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. దిగుడు గది రోజూ లేదా రోజు విడిచి రోజు, బ్రష్షులు వారానికోసారి, రెండూ కొలను నీళ్ళతోనే కడగాలి. తిరిగే మీడియాను కడగనే వద్దు. కొలనులో కొత్త నీళ్ళు నింపేటప్పుడు 1,000 లీటర్లలో ప్రతి ఒక పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) క్లోరిన్‌కు 7 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు ముందే కరిగించి పోయండి. నీళ్ళలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) ఉంటే థయోసల్ఫేట్ క్లోరిన్‌ను తీసి అమ్మోనియాను వదులుతుంది, అప్పుడు కొద్దికొద్దిగా మార్చి ఫిల్టర్‌కు సమయమివ్వాలి.

ప్రశ్న: కరెంటు ఎనిమిది గంటలు పోయింది. రాగానే పంపు వేసేయొచ్చా?

జవాబు: వేయొద్దు. నిలిచిపోయిన నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి మడ్డి కుళ్ళి ఉంటుంది. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడు, చేపలకు విషం. ముందు గదులన్నీ అడుగు వాల్వుల నుంచి మురుగులోకి వదిలేయండి, కొలను నీళ్ళు నిండాక పంపు వేయండి. పంపు ఆగినా మీడియా డ్రమ్ముకు, కొలనుకు గాలి అందుతుంటే ఈ ఇబ్బంది చాలావరకు రాదు. అందుకే బ్యాటరీ ఒక్కదానికే వీలుంటే నీటి పంపుకు కాకుండా గాలి పంపుకు పెట్టండి. అది వాడే కరెంటు తక్కువ, ఎక్కువ గంటలు వస్తుంది.

ప్రశ్న: నీళ్ళు పడే చోట నురగ నిలబడిపోతోంది. మందేదైనా ఉందా?

జవాబు: నురగను అణిచే మందులు వద్దు. కరిగిన ప్రొటీన్లు పేరుకున్నాయి. మేత పదిహేను రోజుల పాటు సగానికి తగ్గించి, వారానికి 10 శాతం బదులు 20 శాతం నీళ్ళు మార్చి, దిగుడు గదిని రోజూ వదలండి. గుడ్లు పెట్టే రోజుల్లో అయితే ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు అమ్మోనియా కూడా ఎగుస్తుంది కాబట్టి ఆ పూటే పరీక్షించి నీళ్ళు మార్చండి.